కడుపు చాటు క్లోమం

రాత్రి పదకొండు దాటింది. పెళ్లి భోజనం చేసొచ్చిన ఇంటిపెద్ద మంచమ్మీద అటూ ఇటూ పొర్లుతున్నాడు. పొట్ట పైభాగంలో ఒకటే నొప్పి. 'మళ్లీ మళ్లీ గారెలు వద్దంటే విన్నారా? గ్యాస్ పట్టేసినట్టుంది' అంటూ ఆవిడ వాము నీళ్లు కాచి తెచ్చింది. తాగాడు. తాగింది తాగినట్టే వాంతయింది. 'నాన్నా, ఈ మాత్ర వేసుకోండి' అన్నాడు కొడుకు. వేసుకున్నా తగ్గలేదు. వెల్లకిలా పడుకుంటే నొప్పి వీపులోకి పొడుచుకొస్తోంది. లేచి కూర్చుని ముందుకు వంగితే కాస్త నయం. తెల్లవారాక ఆసుపత్రికి తీసుకెళ్తే, రక్తపరీక్ష చూసిన డాక్టరు తేల్చి చెప్పాడు... 'ఇది గ్యాస్ కాదు. పాంక్రియాస్ వాచింది.'

'అదెక్కడుంటుంది డాక్టరు గారూ?'

చాలా ఇళ్లలో జరిగేదే ఇది. గుండె ఎక్కడుందంటే పసిపిల్లాడు కూడా చెయ్యి వేసి చూపిస్తాడు. కాలేయం, కిడ్నీల పేర్లు తెలియనివాళ్లుండరు. కానీ తిన్న ప్రతి ముద్దనూ అరిగించి, ఆ ముద్దలోని చక్కెరను ఒంటికి పట్టించే ఆ చిన్న అవయవం సంగతి మాత్రం అది చెడేదాకా ఎవరికీ పట్టదు. తెలుగులో దానిపేరు క్లోమం.

అన్నిటికీ వెనక...

క్లోమం గురించి అంతగా తెలియకపోవడానికి కారణం అది ఉండే చోటే. పొట్టమీద చెయ్యి పెట్టి నొక్కితే కాలేయం అంచు డాక్టరు వేళ్లకు తగలొచ్చు. క్లోమం తగలదు. జీర్ణాశయానికి వెనకాల, వెన్నెముకకు ముందు, అడ్డంగా పడుకుని ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. అంటే బడిపిల్లల చేతిలో ఉండే పొట్టి స్కేలంత. బరువు వంద గ్రాములు కూడా ఉండదు.

చూడ్డానికి తోకకప్పలా ఉండే ఈ గ్రంథికి తల, మెడ, మొండెం, తోక అని నాలుగు భాగాలు. జీర్ణాశయం నుంచి మొదలయ్యే చిన్నపేగు తొలిభాగాన్ని ఆంత్రమూలం అంటారు. అది ఓ కొక్కెంలా వంగి ఉంటుంది. ఆ వంపులో క్లోమం తల ఒదిగి ఉంటే, తోక ఎడమవైపున ప్లీహం దాకా సాగుతుంది. తల నుంచి తోక దాకా లోపల ఓ సన్నని నాళం. క్లోమంలో ఊరిన రసమంతా ఆ కాల్వలోంచే ఆంత్రమూలంలోకి చేరుతుంది. ఈ నాళాన్ని 1642లో ఇటలీలోని పాదువా నగరంలో జర్మన్ వైద్యుడు విర్సంగ్ గుర్తించాడు. అయితే అందులో పారేదేమిటో, ఎందుకో ఆయనకు అంతుచిక్కలేదు.

అంతకుముందైతే మరీ విచిత్రం. ప్రాచీన గ్రీకులు దీనికి 'పాంక్రియాస్' అని పేరు పెట్టారు. 'అంతా మాంసమే' అని దానర్థం. ఎముకా లేదు, మృదులాస్థీ లేదు కాబట్టి ఆ పేరు. వెనకాలున్న పెద్ద రక్తనాళాలకు ఇదో మెత్తటి దిండు లాంటిదని రోమన్ల కాలపు మహావైద్యుడు గేలెన్ అనుకున్నాడు. ఆ దిండు ఎంత పని చేస్తోందో తెలియడానికి వందల ఏళ్లు పట్టింది.

రోజుకు లీటరున్నర

పెళ్లి భోజనాన్నే తీసుకోండి. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, గారెలు, బూరెలు... అన్నీ జీర్ణాశయంలో పుల్లటి ఆమ్లంతో కలిసి చిక్కటి జావలా తయారవుతాయి. అలాగే పేగులోకి వెళ్తే ఆ పులుపు పేగు గోడను కొరికేస్తుంది. అక్కడే క్లోమం రంగంలోకి దిగుతుంది. ఆమ్లం తగలగానే ఆంత్రమూలం గోడ నుంచి సెక్రెటిన్ అనే రసాయనం రక్తంలోకి విడుదలవుతుంది. ఆ కబురు అందుకున్న క్లోమం క్షారగుణమున్న రసాన్ని వదులుతుంది. అందులో ఉండేది బైకార్బొనేట్. ఇంట్లో బజ్జీల పిండిలో కలిపే వంటసోడాలో ఉండేదీ అదే! పులుపు విరిగిపోతుంది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు సెక్రెటిన్ గుట్టు విప్పారు. శరీరంలో ఒకచోటి నుంచి మరోచోటికి రక్తం ద్వారా కబురు మోసే ఇలాంటి రసాయనాలకే తర్వాత స్టార్లింగ్ 'హార్మోన్' అన్న మాట వాడాడు.

పులుపు విరిగాక అసలు పని మొదలు. క్లోమరసంలో ముఖ్యంగా మూడు రకాల ఎంజైములుంటాయి. అన్నంలోని పిండి పదార్థాన్ని అమైలేజ్ ముక్కలు చేస్తుంది. నేతినీ నూనెనూ లైపేజ్ విడగొడుతుంది. పప్పు, గుడ్డు, మాంసంలోని మాంసకృత్తుల్ని ట్రిప్సిన్, దాని బంధువులూ తుంచుతాయి. రోజుకు ఇలా ఊరే రసం దాదాపు లీటరున్నర. అంటే క్లోమం తన బరువుకు పదిహేను రెట్లకు పైగా రసాన్ని ప్రతిరోజూ తయారుచేస్తుందన్నమాట!

కత్తికి ఒర

ఇక్కడో అనుమానం రావాలి. ట్రిప్సిన్ మాంసాన్ని అరిగించేదైతే, దాన్ని తయారుచేసే క్లోమం కూడా మాంసమే కదా. మరి తనను తాను ఎందుకు అరిగించుకోదు?

ఎందుకంటే క్లోమం కత్తిని ఒరలో పెట్టే పంపిస్తుంది. ట్రిప్సిన్‌ను ట్రిప్సిన్‌గా కాక, ట్రిప్సినోజెన్ అనే నిద్రాణ రూపంలో తయారుచేస్తుంది. అది పేగులోకి చేరాకే, పేగు గోడలోని మరో ఎంజైము ఒర లాగేస్తుంది. అప్పుడు కత్తి బయటికొస్తుంది. ఒకసారి మేలుకున్న ట్రిప్సిన్ మిగతా ఎంజైములనూ నిద్రలేపుతుంది. పొరపాటున క్లోమంలోనే ఒకటీ అరా ముందే మేలుకుంటే? దానికీ ఏర్పాటుంది. అలాంటివాటిని వెంటనే పట్టి కట్టేసే కాపలా ప్రొటీన్ ఒకటి అక్కడే ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు స్పింక్1.

క్లోమానికొచ్చే పెద్ద జబ్బుల్లో చాలావాటికి మూలం ఈ ఏర్పాటు దెబ్బతినడమే.

ఒర ఊడితే...

పెళ్లి భోజనం తిన్న రాత్రి ఆ ఇంటిపెద్ద కడుపులో జరిగింది అదే. ఎంజైములు పేగులోకి వెళ్లకుండా క్లోమంలోనే మేలుకుని, పుట్టినింటినే అరిగించడం మొదలుపెట్టాయి. దీన్నే ఆక్యూట్ పాంక్రియాటైటిస్ అంటారు. తప్పు గారెలది కాదు. చాలామందిలో అసలు కారణాలు రెండే. ఒకటి పిత్తాశయంలోని రాళ్లు. రెండోది మద్యం.

కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే నాళం క్లోమం తలలోంచి దిగుతుంది. ఎక్కువమందిలో అదీ, క్లోమనాళమూ చివర్లో కలిసి ఒకే రంధ్రం గుండా పేగులోకి తెరుచుకుంటాయి. రెండు పంట కాల్వలకు ఒకే తూము ఉన్నట్టు. పిత్తాశయంలోంచి జారిన చిన్న రాయి ఆ తూముకు అడ్డం పడితే రెండు కాల్వలూ ఎగదన్నుతాయి. మద్యం దారి వేరు. ఏళ్ల తరబడి తాగేవారిలో అది క్లోమ కణాలను నేరుగా దెబ్బతీస్తుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు వెయ్యి మిల్లీగ్రాములు దాటడం, కొన్ని రకాల మందులు కూడా కారణం కావచ్చు.

క్లోమం వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది కాబట్టే నొప్పి వీపులోకి పాకుతుంది. ముందుకు వంగితే ఉపశమనం కలిగేదీ అందుకే. రక్తంలో లైపేజ్, అమైలేజ్ ఎంతున్నాయో చూసి, అవసరాన్ని బట్టి అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్‌లతో డాక్టర్లు నిర్ధారిస్తారు. ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురికి జబ్బు తేలిగ్గానే ఉంటుంది. సెలైన్‌తో, నొప్పి తగ్గించే మందులతో వారం రోజుల్లో కోలుకుంటారు. మిగిలినవారి పరిస్థితే ప్రమాదకరం. క్లోమంలో కొంత భాగం చచ్చుబడి, కిడ్నీలు, ఊపిరితిత్తుల మీదా ప్రభావం పడి, ప్రాణాల మీదికి రావచ్చు. ఎవరు ఏ కోవలోకి వస్తారో ఇంట్లో కూర్చుని చెప్పడం సాధ్యం కాదు. గ్యాస్ మాత్రలతో గడిపే ఒక్కో గంటా అందుకే ఖరీదైనది.

తాగని వాళ్లకూ...

'మా అబ్బాయి సిగరెట్ కూడా ముట్టడు. వాడికెందుకొచ్చింది?' అనే తల్లిదండ్రులూ ఉంటారు. మద్యం ఎరుగని యువతలో, ఒక్కోసారి పిల్లల్లో కూడా క్లోమనాళంలో సున్నపు రాళ్లు పేరుకుని, గ్రంథి క్రమంగా గట్టిపడిపోయే జబ్బు దక్షిణ భారతంలో చాలాకాలంగా కనిపిస్తోంది. కేరళలో డాక్టర్ గీవర్గీస్ ఇలాంటి రోగులను పెద్దసంఖ్యలో పరిశీలించి ప్రపంచం దృష్టికి తెచ్చారు. పేదరికం, పోషకాహార లోపం, అక్కడ ఎక్కువగా తినే కర్రపెండలం కారణమని మొదట్లో అనుమానించారు. కానీ కర్రపెండలం తినని ప్రాంతాల్లోనూ, తిండికి లోటులేని ఇళ్లలోనూ ఈ జబ్బు కనిపించడంతో ఆ వాదన నిలవలేదు.

ఈ చిక్కుముడిలో ఒక పోగును విప్పింది హైదరాబాదే. సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కలిసి చేసిన పరిశోధన 2002లో వెలువడింది. ఈ రోగుల్లో తేడా కత్తిలో కాదు, కాపలాలో ఉందని తేల్చింది. ట్రిప్సినోజెన్ జన్యువు బాగానే ఉంది. చాలామందిలో స్పింక్1 జన్యువులో మార్పు కనిపించింది. అయితే ఆ మార్పు ఉన్న అందరికీ జబ్బు రాదు. దానికి మరికొన్ని కారణాలు తోడవ్వాలి.

ఇలా దీర్ఘకాలం దెబ్బతిన్న క్లోమం మెల్లగా రెండు పనులూ మానేస్తుంది. ఎంజైములు చాలక తిన్న కొవ్వు అరగదు. మలం జిడ్డుగా, నీళ్లమీద తేలుతూ, దుర్వాసనతో వస్తుంది. బాగా తింటున్నా మనిషి చిక్కిపోతాడు. ఆ తర్వాత మధుమేహమూ రావచ్చు. భోజనంతో పాటు వేసుకునే ఎంజైము క్యాప్సూళ్లు ఇలాంటివారికి ఎంతో మేలుచేస్తాయి.

రసంలో దీవులు

మరి జీర్ణరసం ఊరే గ్రంథికీ మధుమేహానికీ ఏమిటి సంబంధం?

1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల వైద్య విద్యార్థి క్లోమాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. రసం తయారుచేసే కణాల నడుమ అక్కడక్కడా వేరే రకం కణాల గుంపులు కనిపించాయి. సముద్రంలో దీవుల్లా. అవి ఏం చేస్తాయో తనకు తెలియదని నిజాయతీగా రాశాడు. 1888లో, 40 ఏళ్ల వయసుకే ఆయన కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాదే స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే వైద్యులు ఓ కుక్కకు క్లోమాన్ని తొలగించారు. దానికి తీవ్రమైన మధుమేహం వచ్చింది. చక్కెర కళ్లెం క్లోమం చేతిలోనే ఉందని తేలిపోయింది. ఆ దీవులకు లాంగర్‌హాన్స్ పేరే స్థిరపడింది.

క్లోమంలో ఇలాంటి దీవులు సుమారు పది లక్షలుంటాయి. అన్నీ కలిపినా గ్రంథిలో నూటికి ఒకటి రెండు వంతులే. కానీ వాటిలోని బీటా కణాలు తయారుచేసేది ఇన్సులిన్! ఆరోగ్యవంతుడి రక్తం మొత్తంలో ఏ సమయంలోనైనా కరిగి ఉండే చక్కెర సుమారు అయిదు గ్రాములు. అంటే ఒక టీస్పూను. రెండు కప్పుల అన్నం తింటే దానికి పదిరెట్లకు పైగా చక్కెర రక్తంలోకి వస్తుంది. ఇన్సులిన్ దాన్ని ఎప్పటికప్పుడు కండరాల్లోకి, కొవ్వు కణాల్లోకి, కాలేయంలోకి సర్దేస్తుంది. ఏకాదశి ఉపవాసం రోజున పని తిరగబడుతుంది. దీవుల్లోనే ఉండే ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను వదిలి, కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి తీయిస్తాయి. ఉపవాసమున్నా మెదడుకు లోటురాదు.

బీటా కణాలను శరీర రక్షణ వ్యవస్థే పొరబడి చంపేస్తే టైప్1 మధుమేహం. ఇది ఎక్కువగా చిన్న వయసులోనే బయటపడుతుంది. ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట వినకపోవడం, మరింత తయారుచేసి చేసి బీటా కణాలు అలిసిపోవడం టైప్2. మనదేశంలో పది కోట్లమందికి పైగా మధుమేహులున్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా. బొజ్జ పెరగనివ్వకపోవడం, రోజూ నడవడం, అన్నం తగ్గించి కూరలు పెంచడం... ఇవన్నీ నిజానికి ఆ దీవులకు కాస్త విశ్రాంతి ఇవ్వడమే.

ఇంట్లోనే దొంగ

ఇన్సులిన్ క్లోమంలోనే ఉందని తెలిశాక దాన్ని బయటికి తీయడం ఎంతసేపని అనుకున్నారు చాలామంది. కానీ క్లోమాన్ని నూరి రసం తీస్తే అది పనిచేసేది కాదు. ఇన్సులిన్ కూడా ఓ ప్రొటీనే. పక్కనే ఉన్న ట్రిప్సిన్ దాన్ని నాశనం చేస్తోందని శాస్త్రవేత్తలు అనుమానించారు.

కెనడాలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే యువ సర్జన్‌కు 1920 అక్టోబరు చివర్లో ఓ రాత్రి ఆలోచన తట్టింది. క్లోమనాళాన్ని కట్టేస్తే రసం తయారుచేసే కణాలు చచ్చిపోతాయి, దీవులు మిగులుతాయి. అప్పుడు ఇన్సులిన్ తీయొచ్చు కదా! 1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థితో కలిసి కుక్కలపై ప్రయోగాలు మొదలుపెట్టాడు. ప్రయోగశాల ఇచ్చింది ప్రొఫెసర్ మెక్లియాడ్. రసాన్ని శుద్ధిచేసే పనిలో జేమ్స్ కోలిప్ చేరాడు. చివరికి నాళం కట్టాల్సిన పనే లేకుండా, ఆల్కహాల్ సాయంతో మామూలు క్లోమం నుంచే ఇన్సులిన్ తీయగలిగారు.

1922 జనవరి 11. టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడు ఎముకల గూడులా మంచంలో ఉన్నాడు. ఆ రోజుల్లో టైప్1 మధుమేహమంటే మరణశిక్షే. పిల్లల కడుపు మాడ్చి కొన్ని నెలలు నెట్టుకురావడమే వైద్యం. తొలి ఇంజెక్షన్ పెద్దగా పనిచేయలేదు. కోలిప్ రాత్రింబవళ్లూ శ్రమించి మరింత శుద్ధిచేసిన మందును జనవరి 23న ఇచ్చారు. కుర్రాడి రక్తంలో చక్కెర దిగింది. ఆ తర్వాత అతను మరో 13 ఏళ్లు బతికాడు. 1923లో బాంటింగ్, మెక్లియాడ్‌లకు నోబెల్ వచ్చింది. బాంటింగ్ తన బహుమతి సొమ్మును బెస్ట్‌తో, మెక్లియాడ్ కోలిప్‌తో పంచుకున్నారు. పేటెంట్ హక్కును మాత్రం ఒక్కో డాలరు తీసుకుని విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు.

'ఇంజెక్షనే ఎందుకు, మాత్ర ఇవ్వొచ్చు కదా' అని షుగరున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అడిగే ఉంటారు. జవాబు ఇక్కడే ఉంది. మింగితే ఇన్సులిన్ కూడా పప్పులాంటిదే. జీర్ణరసాలు దాన్నీ అరిగించేస్తాయి.

చప్పుడు లేకుండా...

క్లోమానికొచ్చే జబ్బుల్లో క్యాన్సర్‌ది మరో తీరు. పాంక్రియాటైటిస్ కేక పెట్టి చెబుతుంది. క్యాన్సర్ నోరు మెదపదు. తొలిదశలో నొప్పి ఉండకపోవచ్చు, చేతికి గడ్డ తగలదు. అందుకే చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది. గోవా ముఖ్యమంత్రిగా ఉంటూనే మనోహర్ పరీకర్ 2019లో ఈ జబ్బుతోనే కన్నుమూశారు.

అయితే క్లోమం తలలో వచ్చే కణితి ఒక్కోసారి ముందే కబురు పంపుతుంది. పైత్యనాళం ఆ తలలోంచే వెళ్తుంది కాబట్టి అది నొక్కుకుపోయి కామెర్లు వస్తాయి. నొప్పి ఉండదు. కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద, మలం తెల్లగా పాలిపోతుంది. సరిగ్గా ఈ సమయంలోనే చాలా ఇళ్లలో పసరు మందుకోసం ఊళ్లు తిరుగుతూ వారాలు పోగొట్టుకుంటారు. కణితి చిన్నగా ఉన్నప్పుడే దొరికితే క్లోమం తలను, ఆంత్రమూలాన్ని తొలగించి, మిగతా భాగాలను మళ్లీ కలిపి కుట్టే ఆపరేషన్ ఉంది. అమెరికన్ సర్జన్ అలెన్ విపుల్ 1935లో ప్రచురించిన పద్ధతి కాబట్టి ఆయన పేరే దానికి వచ్చింది. ఆ అవకాశం దొరికేదీ లేనిదీ ఎంత తొందరగా వెళ్లారన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి వీపులోకి పాకుతూ, వాంతులతో గంటల తరబడి తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుండెపోటు కూడా ఇలాగే మొదలుకావచ్చు.

* నొప్పి లేకుండా కామెర్లు వస్తే పసరు మందులతో కాలం గడపకుండా స్కాన్ చేయించుకోవాలి.

* యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చి, కారణం లేకుండా బరువు తగ్గిపోతుంటే డాక్టరుకు ఆ రెండూ కలిపి చెప్పాలి.

* మలం జిడ్డుగా తేలుతూ, మనిషి చిక్కిపోతుంటే అది అజీర్తేనని సరిపెట్టుకోకూడదు.

* పిత్తాశయంలోని రాళ్లవల్ల ఒకసారి క్లోమం వాస్తే, పిత్తాశయం తీయించుకోవడాన్ని వాయిదా వేయకూడదు. మళ్లీ వాచే ప్రమాదముంది.

* మద్యం, పొగ రెండూ క్లోమానికి శత్రువులే. ఒకసారి వాచి తగ్గినవారు రెండింటినీ పూర్తిగా మానేయాలి.

నవంబరు 14 అనగానే మనకు బాలల దినోత్సవమే గుర్తొస్తుంది. ప్రపంచ మధుమేహ దినమూ అదే. కారణం, ఆరోజు బాంటింగ్ పుట్టినరోజు. ఒకప్పుడు షుగరొచ్చిన పిల్లలకు పెద్దయ్యే యోగమే ఉండేది కాదు. ఇప్పుడు వాళ్లు చదువుకుంటున్నారు, ఆటలాడుతున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. ఆ పెళ్లి భోజనాల తర్వాత ఎవరికైనా కడుపు నొప్పి వీపుదాకా పాకితే, వాము నీళ్ల గ్లాసు పక్కన పెట్టి ముందు ఆటో పిలవండి.